బురదలో కడబంతి

నీరు కట్టిన మూడు నాలుగు వారాల తర్వాత వరిమడిలో దిగి చూడండి. అడుగు పైకి తీయగానే బుడబుడమని బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో ముఖ్యమైన వాయువు మీథేను. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా మజ్జోరె సరస్సు ఒడ్డున బురదను కర్రతో కదిపి ఈ వాయువును సీసాల్లో పట్టాడు. మంట చూపితే అంటుకున్నది. విద్యుత్ ఘటాన్ని కనిపెట్టిన వోల్టాయే ఈయన. ఆ ఘటం తర్వాత ఇరవై మూడు నాలుగేళ్లకు గాని రాలేదు.

ఇప్పుడు టెక్కలి దగ్గర నౌపడకు వెళ్దాం. ఉప్పు మడుల పక్కనున్న సముద్రపు బురదను కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. అక్కడ మీథేను బహుస్వల్పం. అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో, ఉద్దానం ఉత్తరపు కొసన, సోంపేట బీల ఉంది. మంచినీరు నిలిచే తంపర నేల అది. అక్కడా గడ్డీ గాదమూ కుళ్లుతుంది, ఇక్కడా కుళ్లుతుంది. ఎండా వానా ఒకటే. మరి మంచినీటి తంపరలో పుట్టే వాయువు ఉప్పుబురదలో ఎందుకు పుట్టదు?

పెళ్లిళ్లలో బంతి భోజనాలు మీరు చూసినవే. మొదటి బంతివారు లేస్తేగాని రెండో బంతికి ఆకులు పడవు. కడబంతివారికి మిగిలిందే దక్కుతుంది. నేలలోనూ ఇలాగే జరుగుతుంది. అక్కడ విందు అంటే కుళ్లే గడ్డి, వేళ్లు, గత్తం. వాటిని తిని శక్తి పొందే సూక్ష్మజీవికి ఒక చిక్కు ఉంది. ఆహారం విరిగినప్పుడు వెలువడే ఎలక్ట్రానులను ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. మనం ఊపిరి పీల్చేది అందుకే. మన ఒంట్లో వాటిని పుచ్చుకునేది ఆక్సిజను.

పొడినేలలో ఆక్సిజనుకు కొదవలేదు. కాని మడికి నీరు కట్టామా, కథ మారిపోతుంది. గాలిలోకంటె నీటిలో ఆక్సిజను సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో బురదలో ఉన్నది కాస్తా అయిపోతుంది. అంతటితో మొదటి బంతి లేచినట్టే. తర్వాత నైట్రేటును వాడుకునేవి కూర్చుంటాయి. ఆపైన మాంగనీసు, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేటు. ఇవన్నీ అయ్యాక మిగిలినవారి పాలిట పడేది బొగ్గుపులుసు వాయువూ, వెనిగరులో ఉండే ఎసిటిక్ ఆమ్లమూను. వీటిని మీథేనుగా మార్చి బతికే జీవులే మన కడబంతివారు. ఆక్సిజనుతో తినేవారికి దొరికే శక్తిలో ఇరవయ్యో వంతు కూడా వీరికి దొరకదు. పైగా ఆక్సిజను సోకితే వీరికి గిట్టదు. చూడటానికి బాక్టీరియాల్లా ఉన్నా ఇవి బాక్టీరియా కావు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఇవి వేరే వంశమని తేల్చారు. నేడు ఆ వంశాన్ని ఆర్కియా అంటున్నాం.

ఇక నౌపడ రహస్యం విప్పవచ్చు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ప్రతి పోటుకూ కొత్త సల్ఫేటు వచ్చి చేరుతూనే ఉంటుంది. సల్ఫేటు బంతి ఎంతకీ లేవదు. ఆ బాక్టీరియా ఎసిటిక్ ఆమ్లాన్నీ ఉదజనినీ ముందే ఊడ్చేసి, సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. కోడిగుడ్డు కంపు దానిదే. బురద నల్లగా ఉండటానికి ఇనుముతో అది కలిసి ఏర్పడే ఐరన్ సల్ఫైడు కారణం. కటక్‌లోని వరి పరిశోధనా సంస్థవారు వరినేలల్లో ఉప్పు పెంచి చూశారు. ఉప్పు పెరిగిన కొద్దీ మీథేను తగ్గింది.

ఇనుము సంగతి మన ఎర్రనేలల పిల్లలకు ఇంకా దగ్గరిది. పలాస చుట్టుపక్కల జీడితోటల మట్టికి ఆ ఎరుపు ఫెర్రిక్ ఆక్సైడు వల్ల వచ్చింది. అలాంటి మట్టిని నీటిలో నానబెట్టి, గాలి తగలకుండా ఉంచితే కొన్నాళ్లకు ఎరుపు విరిగి బూడిదరంగుకు తిరుగుతుంది. ఇనుము ఎలక్ట్రానులను పుచ్చుకుని ఫెర్రస్‌గా మారిందన్నమాట. ఆ ఇనుము తరిగేదాకా మీథేను జీవులు ఆకలితో ఉండవలసిందే. వరి మొక్కను పీకి వేళ్లు చూడండి, తుప్పురంగు పూత కనిపిస్తుంది. కాండంలోని గాలిగొట్టాల గుండా వేళ్లకు దిగిన ఆక్సిజను కొంచెం బయటికి ఊరి, అక్కడి ఇనుమును మళ్లీ ఎర్రబరుస్తుంది. ఆ గొట్టాల గుండానే అడుగునుంచి మీథేను పైకి పోతుంది. మడిలో పుట్టి గాలిలో కలిసే మీథేనులో అధిక భాగానికి దారి బుడగలు కాదు, వరిమొక్కే!

పులుపు సంగతి కూడా చెప్పాలి. ఈ జీవుల్లో చాలావాటికి పులుపూ క్షారమూ కాని నేల, పి.హెచ్. 7 దగ్గరది, హాయి. ఐర్లండు, కెనడా, సైబీరియా వంటి చలిదేశాల్లో నాచు కుళ్లీ కుళ్లక వేల ఏళ్లుగా పేరుకున్న పీటు నేలలున్నాయి. వాటిలో నాచు మేటలు చాలా పుల్లనివి, పి.హెచ్. 4 దాకా దిగుతుంది. అక్కడ ఉదజనితో బతికే కొన్ని గట్టి రకాలే నిలదొక్కుకుంటాయి. మన వేడికి కుళ్లడం త్వరగా జరుగుతుంది కనుక మన తీరంలో అంత మందపు పీటు అరుదు. వరిమడి విషయం చిత్రమైనది. పుల్లని నేల అయినా నీట మునిగితే, ఇనుము మార్పు చెందేటప్పుడు పులుపు విరిగి 7కు చేరువవుతుంది. అంటే ముందు బంతివారు లేస్తూ లేస్తూ కడబంతికి చోటు తుడిచిపెట్టి పోతారు.

ఇదంతా ఎవరికి కావాలంటారా? మీథేను భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ల లెక్కన బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు. ఒకప్పుడు అమెరికా పర్యావరణ సంస్థ, భారతదేశపు వరిమడులు ఏటా సుమారు 3 కోట్ల 80 లక్షల టన్నుల మీథేను వదులుతున్నాయని అంచనా కట్టింది. విదేశాల్లో ఎప్పుడూ నీరు నిలిచే, కుళ్లుపదార్థం దండిగా ఉన్న మడుల కొలతలను మన నేలలకు అంటగట్టారు. 1991లో ఎ.పి. మిత్ర ఆధ్వర్యాన ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలవారు దేశమంతటా మడుల్లోనే కొలిచారు. సుమారు 40 లక్షల టన్నులని తేలింది. తొమ్మిదో వంతుకు కాస్త అటూ ఇటూ! మట్టిని చూడకుండా లెక్క కడితే పేదరైతు మీద ఎంత నింద పడుతుందో చూడండి.

మడిని నడుమ నడుమ ఆరబెడితే ఆక్సిజను దిగి ఇనుమూ సల్ఫేటూ మళ్లీ తయారవుతాయి, బంతులు మొదటినుంచి మొదలవుతాయి. మీథేను సగానికి తగ్గవచ్చు. మంచి పద్ధతే. కాని వంశధార ఎడమ కాలువ చివరి ఊళ్ల రైతును నీరు వదిలేయమంటే, మళ్లీ వస్తుందని హామీ ఎవరిస్తారు? ముందు ఆ సంగతి తేలాలి.

బీల మాటకొస్తే, అది పనికిరాని భూమి అనే వాదం ఒకటి నడిచింది. థర్మల్ కేంద్రం వద్దని అక్కడివారు పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అధికార సంస్థ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. తంపర మీథేను వదులుతుంది కదా, ఎండగడితే మేలు కాదా అని ఒక తెలివైన విద్యార్థి అడగవచ్చు. ఎండితే మీథేను ఆగుతుంది, నిజమే. కాని ఏళ్లుగా నల్లబురదలో దాగిన కర్బనానికి మొదటి బంతివారు, అంటే ఆక్సిజనుతో తినేవారు, దిగుతారు. అదంతా బొగ్గుపులుసు వాయువై పోతుంది. నీటితోపాటు చేపా, పశువుల మేతా పోతాయి.

మీ సైన్సు మాస్టారి ఎదుట ఒక ప్రయోగం చేయండి. రెండు గాజుసీసాల్లో మడిమట్టీ, చిన్నగా తరిగిన గడ్డీ సమానంగా వేయండి. ఒకదానిలో చెరువునీరు, రెండోదానిలో సముద్రపు నీరు నిండా పోయండి. మూత బిగించవద్దు, వదులుగా పెట్టండి. నీడలో నెల రోజులుంచి బుడగలు ఎందులో ఎక్కువో, నలుపు ఎందులో ముందు వచ్చిందో రోజూ రాసుకోండి. రెండో సీసా మీద ముక్కు పెట్టి వాసన చూడకండి, ఆ వాయువు విషం. ఇనుము ఎక్కువ ఉన్న ఎర్రమట్టితో మూడో సీసా కూడా పెడితే బుడగలు ఎన్నో రోజున మొదలయ్యాయో పోల్చవచ్చు.