రాయలవారి అల్లుళ్లు

కర్నూలు, కడప రెడ్ల ఇళ్లలో 'ఇల్లటం' అంటే పెద్దవాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. మగసంతు లేని మామ అల్లుణ్ణి ఇంటికే తెచ్చుకుంటాడు. అల్లుడు సేద్యం చూస్తాడు, అప్పులు నెత్తిన వేసుకుంటాడు, మామ తర్వాత కొడుకులా ఆస్తి తీసుకుంటాడు. ఆ తర్వాత మామకు కొడుకు పుట్టినా అల్లుడి వాటా అల్లుడిదే. పుట్టినింటి హక్కూ పోదు. మద్రాసు హైకోర్టు సైతం ఒప్పుకున్న ఆచారమిది. ఇంత చేసినా ఆస్తి అల్లుడికే వెళ్లేది గానీ కూతురి పేరు మీదికి వచ్చేది కాదు. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం వర్తించింది 1985 సెప్టెంబరు నుంచి.

ఈ సీమ వంశంలోనే పుట్టి విజయనగరాన్ని ఇరవై ఏళ్లకు పైగా నడిపిన అల్లుడికి మాత్రం ఇల్లటం దక్కలేదు.

ఆరవీటి వారి బలం కందనవోలులో ఉండేది. అదే నేటి కర్నూలు. ఆ ఇంటి రామరాయలకు శ్రీకృష్ణదేవరాయలు కూతురు తిరుమలాంబనిచ్చాడు. ఇంకో కూతురు వెంగళాంబను రామరాయల తమ్ముడు తిరుమలకిచ్చాడు. ఒకే ఇంటికి ఇద్దరు కూతుళ్లు! కడప వైపు పెన్న ఒడ్డున సిద్ధవటాన్నేలిన మట్లి వరదరాజునూ రాయలవారి అల్లుడనే చెప్పుకుంటారు. కోటలున్న ఇళ్లను కట్టేసుకోవడానికి పెళ్లిని మించిన తాడేముంది?

ఫ్రాన్సు రాజులకూ ఈ కిటుకు బాగా తెలుసు. పైగా అక్కడ సీమలకు సీమలే కూతురి వెంట నడిచొచ్చేవి. 1284లో నాలుగో ఫిలిప్ నవార్ రాణి జోన్‌ను చేసుకుంటే షాంపేన్ రాజుల చేతికొచ్చింది. ఎలియనోర్‌తో 1137లో ఏడో లూయీకి అక్విటేన్ వచ్చింది. 1152లో ఆ పెళ్లి రద్దవగానే ఆమె రెండు నెలలు తిరక్కుండా ఇంగ్లండుకు రాజు కాబోయే హెన్రీని పెళ్లాడింది. భూమీ ఆమె వెంటే వెళ్లిపోయింది. అయితే గద్దె దగ్గరికొచ్చేసరికి అక్కడా లెక్క మారింది. ఫిలిప్ కూతురి కొడుకు, ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్‌కు 1328లో ఫ్రాన్సు సింహాసనం దక్కనివ్వలేదు. నూరేళ్ల యుద్ధానికి మూలాల్లో ఆ తగువొకటి.

మన దగ్గరా అంతే. 1529లో రాయలవారు పోతే సింహాసనం తమ్ముడు అచ్యుతుడికి దక్కింది, అల్లుడికి కాదు. 1542లో అచ్యుతుడూ పోయాక అసలు రచ్చ మొదలైంది. అచ్యుతుడి బావమరిది సలకం తిరుమల సొంత మేనల్లుణ్ణే చంపించి గద్దెనెక్కాడు. ఒకవైపు బావమరిది, ఇంకోవైపు అల్లుడు. ఇద్దరిలో ఎవరికీ ఆ ఇంటి రక్తం లేదు! రామరాయలు గుత్తి కోటలో బందీగా ఉన్న సదాశివుణ్ణి, అచ్యుతుడి అన్న కొడుకును, బయటికి తెచ్చాడు. సలకంవాణ్ణి చంపి 1543లో సదాశివుణ్ణి కూర్చోబెట్టాడు. కిరీటం ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. రాజును ఏడాదికోసారి జనానికి చూపించేవారని 1567లో వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాశాడు.

కన్నడంలో అళియ అంటే అల్లుడు. అంత పెత్తనం చేసినా చరిత్రలో ఆయన అళియ రామరాయలే. 1565 జనవరిలో తల్లికోట యుద్ధంలో, ముసలితనంలో, తల తెగింది.

తమ్ముడు తిరుమల సదాశివుణ్ణీ, ఖజానానూ వెంటబెట్టుకొని పెనుకొండ చేరాడు. 1570 ప్రాంతంలో తానే పట్టం కట్టుకున్నాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈయనకే. ఈయనా రాయలవారి అల్లుడే. కానీ అళియ తిరుమల అని ఎవరూ అనరు.