మాత్ర మానిన పిదప

మనోవ్యాధికి వాడు మందును మానిన నాడే దేహము దానినుండి విముక్తి చెందునని పలువురి నమ్మకము. మరికొందరు అది ఎముకలలో ఇంకిపోయి జీవితాంతము వదలదని భయపడుదురు. ఈ రెండును సత్యములు కావు. మందు దేహమును విడుచుటకు ఒక లెక్క కలదు. దానికి అలవడిన మెదడు సర్దుకొనుటకు వేరొక లెక్క కలదు. మొదటిది సాధారణముగ దినములతో, వారములతో ముగియును. రెండవది తరచుగ అంతకంటె నిదానముగ నడచును. ఈ రెంటిని ఒకటిగ భావించుటవలననే రోగులును వారి బంధువులును పెక్కు చిక్కులకు లోనగుచున్నారు.

మొదటి లెక్కకు వైద్యశాస్త్రజ్ఞులు పెట్టుకొన్న కొలత 'అర్ధాయువు'. రక్తమునందలి మందు సగమునకు తగ్గుటకు పట్టు కాలమే అర్ధాయువు. ఒకటి గడచిన పిదప నూటికి 50 పాళ్లు, రెండు గడచిన పిదప 25 పాళ్లు మిగులును. ఐదు గడచునప్పటికి మిగులునది సుమారు 3 పాళ్లు మాత్రమే. దిగులునకు వాడు పెరాక్సిటిన్ అర్ధాయువు సుమారు 21 గంటలు. కావున నాలుగైదు దినములలో అది దాదాపుగ వెడలిపోవును. అదే జాతికి చెందిన ఫ్లూఆక్సిటిన్ అట్లు కాదు. చిరకాలము వాడినవారిలో దాని అర్ధాయువు 4 నుండి 6 దినములు. కాలేయమునందు దానినుండి పుట్టు మరియొక పదార్థమునకు 4 నుండి 16 దినములు పట్టును. కనుకనే అది మానిన పిదప కొన్ని ఇతర మందులను ప్రారంభించుటకు 5 వారములు ఆగవలెనని నియమము.

ఈ నిష్క్రమణమున ముఖ్యమైన పని కాలేయముది. మానసిక చికిత్సయందలి మందులలో అధికభాగము కొవ్వున కరగునవి. వానిని మూత్రపిండములు ఉన్నవున్నట్లు బయటకు పంపలేవు. కాలేయమునందలి సైటోక్రోమ్ పి-450 అను ఎంజైముల వర్గము వానిని నీట కరగు రూపమునకు మార్చును. అటుపిమ్మట అవి మూత్రముతోను, కొంత మలముతోను బయటపడును. ఈ ఎంజైముల చురుకుదనము పుట్టుకతోనే మనిషి మనిషికి భిన్నముగ నుండును. కావున ఒకే మాత్ర ఒకరిని శీఘ్రముగను, మరియొకరిని ఆలస్యముగను విడుచును. చుట్ట, బీడీ, సిగరెట్టుల పొగ వీనిలో ఒక ఎంజైమును ప్రేరేపించును. అందువలన క్లోజపిన్ వాడువారు ఆ అలవాటును హఠాత్తుగ మానినచో, మోతాదు మారకున్నను రక్తమున మందు పెరుగును.

కండలోనికి ఎక్కించు దీర్ఘకాలిక సూదిమందుల తీరు వేరు. హాలోపెరిడాల్ డెకనోయేట్ అను మందును నువ్వుల నూనెలో కలిపి ఎక్కింతురు. అది కండనుండి కొంచెము కొంచెముగ రక్తమున చేరును. దాని అర్ధాయువు సుమారు 3 వారములు. చివరి సూది పిమ్మట కూడ నెలల తరబడి దాని జాడ ఉండును.

లిథియముది మరియొక దారి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదమునకు దీని ఉపయోగమును ప్రకటించెను. ఇది లవణము. కాలేయముతో దీనికి పని లేదు. మూత్రపిండములే దీనిని పంపివేయవలెను. అవి లిథియమును ఉప్పునందలి సోడియముతోపాటు మరల పీల్చుకొనును. దేహమున ఉప్పు, నీరు తగ్గినపుడు ఈ పీల్చుకొనుట అధికమగును. కావున మందును కడిగివేయవలెనని ఉపవాసములు, విరేచనములు, ఉప్పు లేని పథ్యములు చేయువారు దానిని వెడలగొట్టుటకు మారుగ లోపల నిలుపుకొనుచున్నారు.

ఇక రెండవ లెక్క. 1931లో గణనాథ సేన్, కార్తికచంద్ర బోసు అను వంగ వైద్యులు సర్పగంధ రక్తపుపోటునకును ఉన్మాదమునకును పనిచేయునని ప్రకటించిరి. 1952లో ఆ వేరునుండి రెసర్పిన్ వేరుచేయబడెను. ఇది నాడుల కొనలయందు నిలువయుండు రసాయనములను ఖాళీ చేయును. మందు మానినను ఆ నిలువలు మరల నిండుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. దిగులునకు వాడు ఫినెల్జిన్ కూడ ఇట్టిదే. అది త్వరగనే రక్తమును వీడును. కాని అది చెరచిన ఎంజైమును దేహము క్రొత్తగ తయారు చేసికొనవలసి యుండుటచే 2 వారముల ఎడము పాటింతురు. దొంగ వెడలిపోయినంత మాత్రమున పోయిన సొమ్ము ఇంటికి రాదు కదా!

నేడు విరివిగ వాడు మందుల విషయమునను ఈ భేదము కలదు. పెరాక్సిటిన్ వంటివి సాధారణ మోతాదుననే మెదడునందలి సెరటోనిన్ వాహకములలో నూటికి 80 పాళ్లను ఆక్రమించును. మోతాదు రెట్టింపైనను ఆ పాలు అంతగ పెరుగదు. కావున పెద్ద మోతాదును సగము చేసినపుడు మెదడునకు తోచు మార్పు స్వల్పము. చివరి చిన్న మోతాదును సున్న చేసినపుడు కలుగు మార్పే పెద్దది. కనుక చివరి మెట్లు మిక్కిలి చిన్నవిగ నుండవలెనని 2019లో మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనువారు 'లాన్సెట్ సైకియాట్రీ' పత్రికయందు వాదించిరి.

హఠాత్తుగ మానినవారికి తలతిరుగుడు, నిద్రలేమి, వికారము, చికాకు, తలలో విద్యుత్తు తగిలినట్లు జలదరింపు కలుగవచ్చును. నిద్రకును ఆందోళనకును చిరకాలము వాడిన డయాజిపామ్ జాతి మందులను ఒక్కసారిగ మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. ఇంటివారు ఈ లక్షణములను చూచి 'జబ్బు తిరుగబెట్టినది' అని నిశ్చయింతురు. మానుటవలని బాధ తరచుగ కొలది దినములలోనే మొదలై, మందు మరల ఇచ్చినచో త్వరగ తగ్గును. జబ్బు తిరుగబెట్టుట సాధారణముగ వారములు, మాసములు గడచిన పిదప మెల్లగ కనబడును. అయినను ఈ రెంటిని వేరుచేయుట వైద్యుని పని.

కొంత నెమ్మది చిక్కగనే మాత్రలను పారవేయుట ఏరు దాటకమునుపే తెప్పను తగులబెట్టుట వంటిది. మానదలచినవారు ముందు ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. మోతాదు తగ్గించిన తేదీని, ఎంత తగ్గించినదియు, ఆ పిదప కనబడిన లక్షణములను ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. వైద్యుడు ఆ పుస్తకమును చూచియే తరువాతి మెట్టు ఎంత చిన్నదిగ నుండవలెనో, ఎన్నాళ్లు ఆగవలెనో నిర్ణయింపగలడు.