ఏ పిడుదు? ఏ జ్వరం?

తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వజ్రాలు వెతికేవాళ్ల సందడి మొదలవుతుంది. అవే వానలకు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల కొట్టాల్లో పిడుదుల బెడద పెరుగుతుంది. ఆవుల గంగడోళ్ల కింద, చెవుల్లో, పొదుగు పక్కన ఎక్కడ చూసినా అవే. దొరికినన్ని పీకేసి, అంగట్లో ఇచ్చిన మందు నీళ్లలో కలిపి కొట్టడం మన అలవాటు. కొట్టిన కొన్నాళ్లకే మళ్లీ పట్టాయని, జ్వరానికి సూది వేయించినా ఆవు తేరుకోలేదని రైతులు బాధపడుతుంటారు. పట్టింది ఏ పిడుదో, అది మోసుకొచ్చింది ఏ క్రిమో తేల్చుకోకుండా మందు వాడటమే చాలాసార్లు ఇందుకు కారణం.

పిడుదు కీటకం కాదు. సాలీళ్లు, తేళ్ల వర్గంలోది. పెరిగినదానికి ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం ఆరే. లోకంలో ఇప్పటిదాకా గుర్తించినవి సుమారు 900 జాతులు. వీపున గట్టి పెంకు ఉన్నవి ఒక కుటుంబం, పెంకు లేని మెత్తనివి మరొకటి. కోళ్ల గూళ్ల పగుళ్లలో పగలంతా నక్కి, రాత్రి రక్తం తాగే ఆర్గాస్ మెత్తని రకం. కోళ్లకు బొరేలియా అనే మెలికల బాక్టీరియాను అంటించేది అదే.

పశువుల మీద ఎక్కువగా కనిపించేవి పెంకు పిడుదులే. ఆవు మీద నుంచి నాలుగైదు తీసి భూతద్దం కింద పెట్టండి. రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బినది ఆడది. దాని పెంకు తల వెనక చిన్న ముక్కే, మిగతా ఒళ్లంతా సాగుతుంది. మగదానికి పెంకు వీపంతా కప్పేస్తుంది కాబట్టి అంతగా ఉబ్బలేదు. ఇక మూతి చూడాలి. మూతి పొట్టిగా, దాని మొదలు ఆరు మూలలతో ఉంటే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనుకోవచ్చు. మూతి పొడుగ్గా ముందుకు సాగి, కాళ్ల కణుపుల దగ్గర లేత రంగు పట్టీలు కనిపిస్తే హయలోమా. మైక్రోప్లస్‌ను పాత పుస్తకాలు బూఫిలస్ అన్నాయి. జన్యువులు పోల్చి చూశాక 2003లో దాన్ని రైపిసెఫాలస్‌లో కలిపారు.

ఈ తేడాతో రైతుకు నేరుగా పని ఉంది. మైక్రోప్లస్ పిల్లగా ఎక్కిన పశువు మీదే మూడు వారాలు గడిపి పెద్దదవుతుంది. ఆ తర్వాతే ఆడది నేల మీదికి రాలి, 2000 నుంచి 3000 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దీనికి పశువు ఒంటిమీద మందు పడాలి. హయలోమా అలా కాదు. మధ్యమధ్యలో పశువును వదిలి కొట్టం గోడల పగుళ్లలో దాక్కుంటుంది. ఆ పగుళ్లు పూడ్చకుండా, గోడలకు మందు కొట్టకుండా ఆవుకు ఎంత కొట్టినా పీడ వదలదు. ఏళ్ల తరబడి ఒకే మందు వాడటం ఇంకో పొరపాటు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్‌లకు లొంగని మైక్రోప్లస్ మన దేశంలో చాలాచోట్ల బయటపడింది.

పిడుదు రోగాన్ని మోస్తుందని మొదట రుజువు చేసినవారు అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్. 1893లో వాళ్లు తేల్చిన క్రిమి బబీసియా, మన రైతులు చూసే కాఫీ రంగు మూత్రం దాని పనే. అది బాక్టీరియా కాదు, ప్రోటోజోవా వర్గపు ఏకకణ జీవి. హయలోమా మోసే థైలీరియా కూడా అంతే. భుజం ముందు గ్రంథి వాచేలా చేసి, సంకరజాతి ఆవులను తీవ్రంగా దెబ్బతీసేది ఇది. మూడోదైన అనాప్లాస్మా మాత్రం బాక్టీరియా. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ 1910లో దాన్ని వర్ణించాడు. ఆవుకు రక్తం తగ్గి, కళ్లు పచ్చబడతాయి గానీ మూత్రం ఎర్రబడదు.

మూడింటిలోనూ జ్వరం ఉంటుంది, మందులే వేరు. అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్, బబీసియాకు డైమినజీన్, థైలీరియాకు బుపార్వాక్వోన్. అందుకే చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి, గాజు పలకపై పూసి, జీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎర్రకణం అంచున ముదురు చుక్క ఉంటే అనాప్లాస్మా. కణం లోపల జంటగా, ఒక కొస సన్నగా ఉన్న రూపాలుంటే బబీసియా. రోగం తగ్గినట్టున్నా క్రిమిని మోస్తూ తిరిగే పశువుల రక్తంలో ఇవి కంటికి ఆనవు. అలాంటప్పుడు పీసీఆర్ పరీక్షతో క్రిమి జన్యువును పట్టుకుంటారు, బాక్టీరియాకైతే 16ఎస్ అనే జన్యువును.

మనుషులకూ ముప్పుంది. కుక్క పిడుదు మోసే రికెట్సియా అనే బాక్టీరియా వల్ల జ్వరం, అరచేతుల్లోకీ పాకే దద్దుర్లు వస్తాయి. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌ను కలవరపెట్టిన స్క్రబ్ టైఫస్ వేరు. దాన్ని మోసేది పిడుదు కాదు, పొదల్లో ఉండే అంతకంటే చిన్న నల్లి. అది కుట్టినచోట తరచు నల్లటి పొక్కు కడుతుంది. రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. పొదల్లో, గడ్డిలో కూర్చుని వచ్చాక జ్వరమొస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పిడుదును వట్టి వేళ్లతో చిదమకండి. 2011లో గుజరాత్‌లో బయటపడిన ప్రాణాంతకమైన క్రిమియన్ కాంగో జ్వరం వైరస్‌ను ముఖ్యంగా హయలోమాలే మోస్తాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిటారుగా లాగండి. లాగినవాటిలో రెండు మూడింటిని స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, ఆవుతో పాటు పశువైద్యశాలకు తీసుకెళ్లండి.