సయ్యద్ నయీముద్దీన్

సయ్యద్ నయీముద్దీన్ భారతదేశానికి చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. 1944లో హైదరాబాదులో జన్మించాడు. రక్షణశ్రేణిలో ఆడిన ఇతడు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టుకు నాయకత్వం వహించి కాంస్యపతకం సాధించిపెట్టాడు. ఆ తరువాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరే పతకమూ లభించలేదు.

నేపథ్యం

నయీముద్దీన్ బాల్యంలో హైదరాబాదు దేశంలోని ముఖ్య ఫుట్‌బాల్ కేంద్రాలలో ఒకటి. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది. 1963లో రహీం మరణించాడు. అయితే హైదరాబాదు ఆటగాళ్ళకు పేరు, పోషణ రెండూ దొరికింది కలకత్తాలోనే. నయీముద్దీన్ కూడా 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. హైదరాబాదుకే చెందిన మహమ్మద్ హబీబ్ అక్కడ ఇతడి సహచరుడు. తరువాత మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్లకు కూడా ఆడాడు. ఒకదానితో ఒకటి బద్ధవైరం గల ఈ మూడు క్లబ్బుల అభిమానులనూ మెప్పించడం సామాన్యమైన విషయం కాదు.

బ్యాంకాక్ పతకం

1962లో జకార్తాలో స్వర్ణం గెలిచిన తరం అప్పటికి దాదాపుగా తప్పుకుంది. 1970 జట్టుపై పెద్ద ఆశలు లేవు. సెమీఫైనల్లో బర్మా చేతిలో భారత్ ఓడిపోయింది. మూడవ స్థానానికి జపానుతో తలపడవలసి వచ్చింది. ఆ జపాను రెండేళ్ళ క్రితమే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం. భారత్ 1-0 తేడాతో నెగ్గింది. ఒక్క గోలు ఆధిక్యంతో గెలిచిన ఇటువంటి ఆటలో గోలు చేసినవాడి పేరు రికార్డులకెక్కుతుంది కాని, దానిని చివరిదాకా కాపాడిన రక్షణశ్రేణి శ్రమకు లెక్క ఉండదు. ఫైనల్లో బర్మా, దక్షిణ కొరియాలు గోలు లేకుండా ముగించి స్వర్ణాన్ని పంచుకున్నాయి. అదే సంవత్సరానికి నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం లభించింది.

శిక్షకుడిగా

శిక్షకుడిగా ఇతడు కఠినమైన క్రమశిక్షణకు పేరుపొందాడు. శారీరక దారుఢ్యం విషయంలో ఎవరికీ మినహాయింపు ఇచ్చేవాడు కాదు. 1990లో ఇతడి శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది డ్యురాండ్ కప్, రోవర్స్ కప్, ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ మూడింటినీ గెలిచింది. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారం ఇతడికి దక్కింది. ఫుట్‌బాల్ శిక్షకులలో ఈ పురస్కారం పొందిన మొదటి వ్యక్తి ఇతడే. భారత జాతీయ జట్టుకు ఒకటికంటే ఎక్కువ పర్యాయాలు శిక్షకుడిగా పనిచేశాడు. 2005లో కరాచీలో జరిగిన దక్షిణాసియా పోటీలలో ఫైనల్లో బంగ్లాదేశ్‌ను ఓడించి విజేతగా నిలిచిన జట్టు ఇతడి శిక్షణలోనిదే. విచిత్రంగా, 2007లో అదే బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు ఇతడు శిక్షకుడయ్యాడు.