చీజ్ బదులు చింతపండు

పెరుగు పట్టించకుండా కచ్చి బిర్యానీ వండమంటే హైదరాబాద్ వంటవాళ్లు ముఖం చిట్లిస్తారు. కోషర్ అనే ఆహార నియమం పాటించే యూదుల ఇంట్లో పెరుగు పట్టించిన ఆ మాంసం అసలు పొయ్యి ఎక్కదు. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించవద్దని యూదుల ధర్మశాస్త్రం తోరా మూడుసార్లు చెబుతుంది, నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి. ఆ మాట ఆధారంగా యూదు మతగురువులైన రబ్బీలు మాంసాన్నీ పాలనూ కలిపి వండకూడదన్నారు, తినకూడదన్నారు, ఆ వంట వల్ల ఏ లాభమూ పొందకూడదన్నారు. పాలివ్వని కోడిని కూడా ఇదే కట్టడిలోకి తెచ్చారు. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. జర్మన్ సంప్రదాయంలో మూడు గంటలు, డచ్ యూదులకు ఒక్క గంట చాలు. అందుకే కోషర్ పిజ్జా దుకాణాలు ఎక్కువగా చీజ్ పక్షాన నిలిచి మాంసాన్ని దూరం పెడతాయి. ఇంటిల్లిపాదీ కూర్చునే రాత్రి భోజనానికి మాంసం పిజ్జాయే కావాలంటే చీజ్ వదులుకోవాలి. ఆ చోట పాలు లేని నకిలీ చీజ్ చల్లడం ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్న దారి. నియమం దాన్ని ఒప్పుకుంటుంది గానీ, వంటగా చూస్తే అది తప్పుదారి.

చీజ్ తీగలా సాగేది కేసీన్ అనే పాల ప్రోటీన్ వల్ల. కొబ్బరినూనె, స్టార్చ్ కలిపి చేసే వీగన్ చీజ్‌లో అది ఉండదు. వేడికి కరిగి జిగురవుతుంది తప్ప అసలుదానిలా సాగదు. పైగా పిజ్జా మీది ఖీమాలో ఉన్న కొవ్వు మీద మరో కొవ్వు పొర. లేబుళ్ల తిరకాసు వేరే. అమెరికాలో 'నాన్-డైరీ' అని అమ్మే కాఫీ క్రీమర్లలోనూ పాల నుంచి తీసిన సోడియం కేసినేట్ ఉండొచ్చు. కోషర్ లెక్కలో అది పాలే. మాంసమూ కాక, పాలూ కాక మధ్యస్థంగా ఉండే 'పారెవె' ముద్ర చూసుకోవాల్సిందే.

చీజ్ లేనిది పిజ్జా ఎలా అవుతుందన్న ప్రశ్నకు నేపుల్స్ దగ్గరే జవాబుంది. అక్కడి పిజ్జా సంప్రదాయాన్ని కాపాడటానికి 1984లో ఏర్పడిన సంఘం అసలైనవిగా చెప్పే రెండింటిలో ఒకటి మరినారా: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. మాంసం సంగతికొస్తే సిరియాలోని అలెప్పో యూదుల లహమజీన్ ఉంది. పల్చని పిండి మీద పచ్చి ఖీమా పరిచి కాల్చడం ఆ ప్రాంతమంతా ఉన్నదే. అలెప్పో యూదులు అందులో చింతపండు రసం చిక్కగా కాచి కలిపారు. బ్రూక్లిన్‌కు వలసపోయిన కుటుంబాలూ ఆ పులుపు వదల్లేదు. కొవ్వు వెగటును పులుపు ఎలా విరుస్తుందో గోంగూర మాంసం తిన్న నాలుకకు విడమరచి చెప్పక్కర్లేదు. దీన్ని ఇంట్లో చేసుకోవడానికి అరకిలో మైదా, 325 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, కాస్త ఈస్ట్ చాలు. పాలు, వెన్న పడకూడదు. మాంసంతో తినేస్తారేమోనన్న భయంతో పాలతో రొట్టెపిండి కలపడాన్నే రబ్బీల బోధల సంకలనమైన తాల్ముద్ వద్దంది. 400 గ్రాముల గొర్రె ఖీమాలో నీరు పిండేసిన ఉల్లి తరుగు, టమాటా పేస్టు, రెండు చెంచాల చిక్కని చింతపండు గుజ్జు కలపాలి. ఉప్పు మాత్రం చూసి వేయాలి, ఎందుకంటే రక్తం పోవడానికి కోషర్ మాంసాన్ని అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి కడుగుతారు. ఓవెన్ 250 డిగ్రీలకు కాగాక పెడితే పది నిమిషాల్లో అంచులు ఎర్రబడతాయి. చీజ్ పిజ్జా కాల్చిన రాయిని దీనికి వాడకూడదు. దించాక నిమ్మరసం కలిపిన నువ్వుల ముద్ద, అంటే తహిని, సన్నగా వేస్తే చీజ్ ఇచ్చే కమ్మదనం దానంతటదే వస్తుంది.

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ తాల్ముద్‌లోనే ఉంది. దేవుడు వద్దన్న ప్రతిదానికీ సాటి రుచిని మరోచోట అనుమతించాడు కదా, మాంసం పాలు కలిసిన రుచి నాకు కావాలి అని యాల్తా అనే ఆవిడ అడిగితే, పండితుడు రవ్ నహ్మాన్ ఆమెకు పొదుగు మాంసం కాల్చి పెట్టమన్నాడు. 16వ శతాబ్దంలో క్రాకో రబ్బీ మోషే ఇస్సర్లెస్, మాంసంతో బాదం పాలు వడ్డిస్తే చూసేవాళ్లు పొరబడకుండా పక్కన బాదం గింజలు పెట్టమన్నాడు. అంటే అనుకరణకు పెద్దల ఆశీస్సు ఉన్నట్టే. కానీ పొదుగు, బాదం, కొచ్చిన్ యూదులు మాంసం కూరలో పోసే కొబ్బరిపాలు, ఇవన్నీ సొంత రుచి ఉన్నవి. పాలను తలపించినా పాల వేషం వేయవు. ప్యాకెట్లోని నకిలీ చీజ్ తురుముకు వేషం తప్ప ఇంకేం లేదు. పిల్లలు చీజ్ అడుగుతారంటారా? వాళ్లు మరో రోజు అసలు చీజ్ పిజ్జా తినేవాళ్లే. నకిలీని ఒక్క ముక్కకే పట్టేస్తారు. పాలు పడక ఎప్పటికీ చీజ్ తినలేని పిల్లల విషయం వేరు, వాళ్లకు ఆ తురుమే దిక్కైతే కాదనడం మొండితనం.

భోజనం చివర ఐస్‌క్రీమ్ దగ్గర నేనూ మెత్తబడతాను. న్యూయార్క్‌లో కోషర్ హోటల్ నడిపిన డేవిడ్ మింట్జ్, మాంసం భోజనం తర్వాత తినడానికి వీలుగా సోయాతో చేసిన టోఫుటీ అనే ఐస్‌క్రీమ్‌ను 1980ల్లో జనంలోకి తెచ్చాడు. చల్లగా, తియ్యగా ఉండటానికి పాలే కావాలని లేదు.