పాత ట్రాక్టర్లు, ట్రాలీలలో తుప్పు: చికిత్స, నివారణ

తుప్పు అనగానే వ్యవసాయ విద్యార్థికి వేరుశనగ ఆకు అడుగున కనిపించే తెగులు ముందుగా స్ఫురిస్తుంది. రైతు పెరటిలో పది పదిహేనేళ్ళ ట్రాక్టరును, ట్రాలీని తినివేసే మరో తుప్పుకు విస్తరణ కార్యక్రమాలలో అంతటి ప్రాధాన్యం లభించడం లేదు. ఇది రేకు అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ట్రాలీని ట్రాక్టరుకు కలిపే కొక్కెం వద్ద అతుకులు లోలోపల పలచబడితే, నిండు బరువుతో గట్టు ఎక్కేటప్పుడు అవి విరిగిపోవచ్చు. ఆ బస్తాల మీద తరచుగా కూలీలు కూడా కూర్చుని ఉంటారు.

గాలి బాగా తగిలే చోటనే తుప్పు అధికమన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. బురద అట్టకట్టిన రేకు విషయంలో జరిగేది ఇందుకు విరుద్ధం. తడి బురద అంచున ఆక్సిజన్ ఎక్కువగా, అడుగున తక్కువగా ఉంటుంది. ఈ వ్యత్యాసం వల్ల ఒకే రేకుపై చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, ఆక్సిజన్ అందని భాగంలో ఇనుము కరగనారంభిస్తుంది. ఏర్పడే తుప్పు ఇనుముకంటే రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ స్థలాన్ని ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగు ఉబ్బి పొరలుగా ఊడుతుంది. వరి దమ్ము చేసిన ట్రాక్టరులో మడ్‌గార్డు మడతలు, కేజ్ వీల్ అతుకులు, ఫుట్‌బోర్డు అడుగుభాగం మొదట పాడవడానికి కారణం ఇదే.

ట్రాలీకి అదనపు శత్రువు ఎరువు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద యూరియా సుమారు 73 శాతం, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 84 శాతం గాలి తేమ దాటితే నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతాయి. రెండూ కలిస్తే 60 శాతం వద్దనే ఆ స్థితి వస్తుంది. తీర ప్రాంతపు ఖరీఫ్ ఉదయాలలో తేమ ఈ హద్దును సులువుగా దాటుతుంది. యూరియా ఒక్కటే అయితే ఇనుముకు జరిగే హాని స్వల్పం. పొటాష్‌లోని క్లోరైడే అసలు హానికారి. చిరిగిన బస్తా నుండి పలకల సందులలోకి జారిన గుప్పెడు పొడి మరుసటి పంట వరకూ ఆ సందును తడిగా ఉంచగలదు. అందువల్ల ఎరువులు దింపిన రోజే ట్రాలీని ఊడ్చి, మంచినీటితో కడిగి, వాలుగా నిలిపి ఆరనివ్వాలి. అడుగున నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. నా దృష్టిలో ఖరీదైన రంగుకన్నా ఈ కడగడం, ఆరబెట్టడమే మేలు చేస్తాయి.

తుప్పు పట్టిన భాగాన్ని ముందుగా చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. పలచబడినది మొద్దుగా పలుకుతుంది, కొన్నిసార్లు సొట్టపడుతుంది. కొక్కెం, ఛాసిస్ వంటి బరువు మోసే భాగాలు ఈ పరీక్షలో తేలిపోతే వాటిని మార్చడమే శ్రేయస్కరం. వాటికి లప్పం పూసి రంగు వేయడం ప్రమాదాన్ని కప్పిపుచ్చడమే. పాత బండి కొనే రైతుకు, అడుగుభాగానికి కొత్తగా వేసిన రంగును అనుమానించమని చెప్పాలి.

పైపై తుప్పు అయితే వైర్ బ్రష్‌తో, ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించే వరకూ గీకాలి. గుంటలలో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఆధారిత ద్రావణం పూస్తే అది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. (ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్ళుగా నిలవడంలో ఇనుములోని అధిక భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేట్ పొర పాత్ర ఉంది.) చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. డబ్బాపై సూచించిన ప్రకారం శుభ్రపరచి, పూర్తిగా ఆరిన వెంటనే, అదే రోజు ప్రైమరు, ఆ తర్వాత రెండు పూతలు రంగు వేయాలి. తేమ నిండిన రోజున ఈ పని పెట్టుకోరాదు.

వాడిన ఇంజను ఆయిలు పూసే అలవాటు గ్రామాలలో ఉంది. అందులో దహనం వల్ల చేరిన ఆమ్లాలు, మసి ఉంటాయి. కారితే నేల కలుషితమవుతుంది, రబ్బరు భాగాలు ఉబ్బుతాయి. నాగలి కర్రు, రోటవేటరు బ్లేడ్లకు కొత్త గ్రీజు పలుచగా పూయడం మేలు. బ్యాటరీ తట్టపై తెల్లని పొడి కనిపిస్తే, కనెక్షన్లు తీసి, తినే సోడా కలిపిన నీటితో కడిగి ఆరబెట్టాలి.

నెలల తరబడి ట్రాక్టరును నిలిపి ఉంచేటప్పుడు డీజిలు ట్యాంకును దాదాపు నిండుగా ఉంచాలి. ఖాళీ ఉన్న మేరకు లోపలి గాలిలోని తేమ రాత్రి చల్లదనానికి గోడలపై నీటిబిందువులుగా చేరుతుంది. లోపల తుప్పు పట్టిన ట్యాంకుకు మాత్రం, ఖాళీ చేసినంత మాత్రాన వెల్డింగు చేయించరాదు. మిగిలిన డీజిలు ఆవిరి పేలుతుంది.