దారం చూపిన దారి

పిల్లలూ! మీ బడిలో గోడకు వేలాడే ప్రపంచపటం చూడండి. కుడివైపున మన బెంగుళూరు ఉంది. ఎడమవైపున, అమెరికా పడమటి తీరాన, శాన్‌ఫ్రాన్సిస్కో ఉంది. రూళ్ళకర్ర పెట్టి ఈ రెండు ఊళ్ళనూ కలిపితే, ఆ గీత అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం దాటి అమెరికా చేరుతుంది. ఆ గీత వెంట పోతే సుమారు 20,000 కిలోమీటర్లు అవుతుంది.

మరి విమానాలు అలాగే పోతాయా? పోవు. పటం బల్లపరుపుగా ఉంది. భూమి గుండ్రంగా ఉంది. కాగితం మీద తిన్నగా కనిపించేది భూమి మీద చుట్టుదారి కావచ్చు.

ఒక గ్లోబూ, కాస్త దారమూ తెచ్చుకోండి. దారాన్ని ఆ రెండు ఊళ్ళ మధ్య వదులు లేకుండా బిగించి పట్టుకోండి. అది ఎటు పోయింది? పడమరకు కాదు, ఉత్తరానికి! చైనా, సైబీరియా, అలాస్కాల మీదుగా పోయింది. ఇప్పుడు అంత దారాన్నీ భూమధ్యరేఖ మీద పెట్టి చూడండి. భూమధ్యరేఖ పొడవు సుమారు 40,000 కిలోమీటర్లు. మన దారం అందులో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ, అనగా సుమారు 14,000 కిలోమీటర్లు. అదే అతి దగ్గర దారి.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం మొదటిసారిగా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఎక్కడా ఆగకుండా వచ్చింది. దాన్ని నడిపినవారందరూ స్త్రీలే. జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవణే, శివానీ మన్హాస్ అని వారి పేర్లు.

దూరం ఒక్కటే చూస్తే చాలదు. గాలి కూడా చూసుకోవాలి. బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. ఎదురుగాలిలో పోతే ఇంధనమూ ఎక్కువ ఖర్చవుతుంది, ఆలస్యమూ అవుతుంది. అందుకని విమానాలు దారం చూపిన దారికి అటూ ఇటూ జరుగుతుంటాయి. ఈ విమానం ఏకంగా ఉత్తరధ్రువం మీదుగానే వచ్చింది.

ఆ దారి సులువైనది కాదు. ధ్రువం దగ్గర దిక్సూచి ముల్లును నమ్మడానికి లేదు. వేరే పరికరాలతో దిక్కు తెలుసుకోవాలి. రెక్కలలోని ఇంధనం గడ్డకట్టేటంత చల్లబడకుండా కనిపెట్టి ఉండాలి. కింద చూస్తే మంచు కప్పిన సముద్రమే!

ఇప్పుడొక లెక్క. ఆ విమానం 9వ తేదీ రాత్రి 8.30 ప్రాంతంలో బయలుదేరి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. అయితే రెండు రాత్రులూ ఒక పగలూ ఎగిరిందా? లేదు. ప్రయాణం సుమారు 17 గంటలే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 9వ తేదీ రాత్రి 8.30 అయినప్పుడు మన గడియారంలో 10వ తేదీ ఉదయం 10 గంటలు. దానికి 17 కలపండి. సరిపోయిందా?

ఈసారి హైదరాబాదుకూ చికాగోకూ మధ్య దారం బిగించి చూడండి. దారిలో ఏయే దేశాలు వచ్చాయో రాసి, మీ మాస్టారికి చూపించండి.